రెండో సీటు

ఏప్రిల్ 9

తల తిరుగుడు: ఒకసారి. ఉదయం, స్నానాల గదిలో. గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాను.

ఈ పుస్తకం చెవి డాక్టరు పుణ్యం. తల తిరిగిన ప్రతిసారీ ఎప్పుడు, ఎంతసేపు, ఏం చేస్తుండగా అన్నది రాసిపెట్టమన్నాడు. ఇరవై రెండేళ్లు నీళ్ల అడుగున రెంచి పట్టుకుని నిలబడ్డవాడిని, పళ్లు తోముకుంటూ తూలానని రాసుకోవాలి. రాస్తాను. ఇంట్లో కూర్చున్నవాడికి ఇంతకంటే గొప్ప ఉద్యోగం ఎవరిస్తారు?

ఎడమ చెవికి వినికిడి ఇక రాదని నిన్న తేల్చేశాడు. లోపల పొర చిరిగిందట. మళ్లీ నీళ్లలోకి ఎప్పుడు దిగొచ్చని మా ఆవిడ అడిగింది. ఆయన నా వంక చూడకుండా, ఇక దిగకూడదని ఆమెకే జవాబు చెప్పాడు. గేదె సంగతి పశువుల డాక్టరు ఆసామికి చెప్పినట్టు.

ఏప్రిల్ 11

రెండుసార్లు.

సాయంత్రం బావమరిది వచ్చాడు. చేతిలో పెద్ద అట్టపెట్టె. టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేము యంత్రం, దాంతోపాటు సముద్రం అడుగున జలాంతర్గామి నడిపే ఆట ఒకటి. "నీళ్లు చూడకుండా నువ్వుండలేవు బావా. కాలక్షేపానికి ఉంచుకో," అన్నాడు. అక్కడ పెట్టమన్నాను. పెట్టాడు. ప్రమాదం మాట అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వాళ్లక్క కాఫీ ఇస్తే తాగి వెళ్లిపోయాడు.

తొమ్మిదేళ్లుగా నా తాడు పట్టింది అతనే. నేను నీళ్ల అడుగున ఉంటే, గట్టు మీద తాడు రెండో కొస అతని చేతిలో ఉండేది. ఇవాళ మొహం చూద్దామనుకున్నాను. కూర్చున్నంతసేపూ అతని చేతులే చూశాను.

పెట్టె విప్పలేదు.

ఏప్రిల్ 12

ఒకసారి. సేఫ్టీ ఆఫీసరు వెళ్లిపోయాక, కుర్చీలోంచి లేస్తుండగా.

ఆయన ఆఫీసు నుంచి నా వాంగ్మూలం రాసుకోవడానికి వచ్చాడు. చెప్పింది చెప్పినట్టు ఇక్కడా రాసి పెడుతున్నాను, రేపు మాట తేడా రాకుండా. ఆ రోజు రేవులో, నీళ్లను ఆపే డాక్ గేటు అడుగున రబ్బరు పట్టీ మారుస్తున్నాను. పద్నాలుగు మీటర్ల లోతు. బురదనీళ్లు, చాచిన చెయ్యి కనపడదు. హెల్మెట్‌లో ఫోను వారం రోజులుగా పాడైపోయి ఉంది, తాడుతో సర్దుకోమన్నారు. నాలుగుసార్లు తాడు లాగితే పైకి వచ్చెయ్యమని అర్థం. పైన నాకు గాలి పంపే కంప్రెసర్ బెల్టు జారి గాలి తగ్గడం మొదలైంది. తాడు పట్టినవాడు లాగాలి. లాగలేదు. గాలి పూర్తిగా ఆగిపోయాక వీపున ఉన్న చిన్న సిలిండరు తెరుచుకుని ఒక్క ఊపున పైకి లేచాను. అంత వేగంగా రాకూడదు. చెవి పోయింది. సగం దారిలో తెలివి తప్పింది. పైకి ఎవరు లాగారో గుర్తులేదు.

"అంటే తాడు కదలలేదంటారు?" అని అడిగాడు ఆఫీసరు.

"కదలలేదు," అన్నాను. రాసుకున్నాడు. సంతకం పెట్టాను.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి ఒక సంగతి చెప్పాడు. తప్పు తాడు పట్టినవాడిదైతే నా వైద్యం, పింఛను అన్నీ కంపెనీవే. పిలిచినా డైవరే రాలేదంటే అది డైవరు ఖర్మ. నాకది తెలియక కాదు. దానికోసం నేను చెప్పలేదు. తాడు కదలలేదు కాబట్టి చెప్పాను.

ఏప్రిల్ 13

తల తిరగలేదు.

ఏప్రిల్ 17

మూడుసార్లు. ఒకసారి కూర్చుని ఉండగానే.

బావమరిది వాంగ్మూలం సంగతి తెలిసింది. నాలుగేసి లాగుళ్లు మూడు విడతలు లాగాడట. మధ్యలో నిమిషం నిమిషం ఆగాడట. మూడో విడతకి అరచేయి కోసుకుపోయిందట. ఎంత వివరంగా చెప్పాడో. అబద్ధాలకే అన్ని వివరాలు ఉంటాయి.

నా చేతి కింద నలభై మంది డైవర్లు తయారయ్యారు. మొదటిరోజు వాళ్లకి చెప్పే పాఠం ఒక్కటే: పిలుపు వస్తే చేతిలో ఏదున్నా వదిలేసి పైకి రండి. అలాంటివాడిని, నాలుగు లాగుళ్లు లాగితే కింద కూర్చుంటానా? ఆ నలభై మందిలో ఎవడు నమ్ముతాడు?

మా ఆవిడ బట్టలు ఆరేస్తూ, "వాడు లాగానంటున్నాడటండీ," అంది. నీ తమ్ముడు చెడ్డవాడని నేననను, పరధ్యానం మనిషి, ఆ రోజు ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు అన్నాను. ఆమె చేతిలో దుప్పటి కొస అలాగే ఆగిపోయింది.

ఫోను చూసుకున్నది పని మొదలవకముందు. అది చెప్పడం అవసరమనిపించలేదు.

ఏప్రిల్ 21

ఒకసారి.

ఆవిడ పనిచేసేది ఆసుపత్రిలో రక్తపరీక్షల విభాగంలో. నాలుగింటికల్లా ఇంటికి వచ్చేస్తుంది. ఇవాళ ఆరు దాటింది. తమ్ముడింటికి వెళ్లొచ్చానంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఎందుకు వెళ్లావని అడగలేదు. అక్కాతమ్ముళ్లు, సవాలక్ష ఉంటాయి.

ఏప్రిల్ 25

బావమరిది ఒప్పుకున్నాడు. తాడు లాగడం ఆలస్యమైందని, తప్పు తనదేనని రాసిచ్చాడట. ఆఫీసరు ఫోనులో చెప్పాడు. అతని లైసెన్సు కార్డు రద్దు. ఇక ఏ రేవులోనూ తాడు ముట్టుకోనివ్వరు. కేసు మూసేశారు.

తప్పు చెయ్యకపోతే ఎందుకు ఒప్పుకుంటాడు? ఇదే మాట ఆవిడతో అన్నాను. ఆమె తల ఊపింది. అన్నం వడ్డించింది. నేను కడుపు నిండా తిన్నాను.

ఏప్రిల్ 26

తల తిరుగుడు ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు.

ఏప్రిల్ 28

ఏమీ తోచక పెట్టె విప్పాను.

ఎవడు తయారుచేశాడో గానీ వాడు జన్మలో నీళ్లలో మునగలేదు. నీళ్లంటే గాజు అనుకున్నాడు. ఎటు చూసినా నీలం, మైలు దూరంలో చేప కూడా కనిపిస్తుంది. నేను చూసిన నీళ్లు గోధుమరంగువి, నూనె తేలేవి. చేతి వేళ్లతో చూసేవాడిని, కళ్లతో కాదు. రెండు గంటలు తిట్టుకుంటూ ఆడాను.

ఒక మనిషి పట్టే చిన్న జలాంతర్గామి. ముందు దీపాలు, ఒక ఇనుప చెయ్యి. లోతుకి దిగి, మునిగిన ఓడల్లోంచి పెట్టెలు ఏరుకొచ్చి పైనున్న స్థావరంలో చేర్చాలి. అంతే కథ. దిగేకొద్దీ నీలం నలుపవుతుంది. నలుపయ్యాక మాత్రం బాగుంది. అక్కడ నాకు అన్నీ తెలుసు.

ఏప్రిల్ 30

ఆడుతున్నంతసేపూ తల తిరగదు. చిత్రం. ఆపి లేవగానే గది తిరుగుతుంది. డాక్టరుకి చెప్పాలి. చెప్పను, ఆపమంటాడు.

మే 3

మూడు వందల మీటర్ల కిందికి ఈ ఆట ఒక్కడినే పోనివ్వదట. పెద్ద బండి ఇచ్చింది, అందులో రెండు సీట్లు. ముందు సీటువాడికి అద్దంలోంచి బయట కనిపిస్తుంది తప్ప గాలి ఎంతుందో తెలియదు. గాలి ముల్లు, లోతు ముల్లు రెండో సీటుకే కనిపిస్తాయి. గాలి అయిపోవస్తుంటే రెండో సీటు మనిషి బొత్తాం నొక్కాలి. అప్పుడు ముందువాడి చేతిలో కంట్రోలర్ వణుకుతుంది. అంటే పైకి వచ్చెయ్యమని.

రెండో కంట్రోలర్ పెట్టెలోనే ఉంది. బావమరిది తనకోసమే పెట్టి ఉంటాడు. అది మా ఆవిడకి ఇచ్చాను.

మే 6

ఆమెకి ముల్లు చదవడం ఎవరూ నేర్పక్కర్లేదు. రోజంతా ల్యాబు యంత్రాల దగ్గర చేసే పని అదే కదా. డ్యూటీ నుంచి రాగానే కాళ్లు కడుక్కుని నా పక్కన కూర్చుంటోంది. ఇవాళ ఒక పెద్ద చేప అద్దానికి మూతి ఆనించి చూస్తే, "అచ్చం మా హెడ్ నర్సండీ," అంది. ఇద్దరం పగలబడి నవ్వాం. ప్రమాదం తర్వాత ఈ ఇంట్లో నవ్వు వినపడడం ఇదే మొదలు. నాకు ఒక చెవికే వినపడింది, అది వేరే సంగతి.

ఆమె నొక్కుతుంది, నేను పైకి వచ్చేస్తాను. ఇప్పటికి పదకొండుసార్లు దిగాం, పదకొండుసార్లూ క్షేమంగా వచ్చాం. అదీ పనితనం అంటే. చూశావా, పిలిస్తే వస్తాను అన్నాను ఆమెతో. ఎందుకన్నానో.

మే 10

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చున్నాం. ఆరు వందల మీటర్ల లోతులో పెద్ద ఓడ ఒకటి పక్కకి ఒరిగి ఉంది. దాని పొట్టలో అయిదు పెట్టెలు. నాలుగు తీశాను. అయిదోది ఒక ఇనుప దూలం కింద ఇరుక్కుంది. ఇనుప చేత్తో దూలాన్ని కొంచెం కొంచెంగా జరుపుతున్నాను. ఇంకొక్క జానెడు. అంతలో తెర నల్లబడిపోయింది. గాలి అయిపోయింది, ఇద్దరూ పోయారు అని వచ్చింది.

నాకు ఒళ్లు మండింది. "బొత్తాం నొక్కవేం? ఆ ముల్లు చూడ్డానికేగా నిన్ను కూర్చోబెట్టింది," అన్నాను.

"నొక్కానండీ," అంది.

"నొక్కితే నా చేతిలో వణకదా? నొక్కలేదు నువ్వు. చేప వంకో దేని వంకో చూస్తూ ఉండి ఉంటావు."

ఆమె ఏదో అనబోయింది. ఈలోగా తెర మీద పట్టిక ఒకటి వచ్చింది. ఇప్పటిదాకా ఒక్కసారీ పోలేదు కాబట్టి అలాంటిది ఉంటుందని మాకు తెలియదు. ఎన్ని మీటర్లు దిగాం, ఎన్ని పెట్టెలు తీశాం. కింద రెండు వరసలు.

రెండో సీటు పిలుపులు: మూడు.

ముందు సీటు స్పందన: లేదు.

ఎప్పుడెప్పుడు నొక్కిందో నిమిషాలతో సహా ఉంది.

"ఈ యంత్రమే సరిగ్గా లేదు," అన్నాను. ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టు.

ఆమె పట్టిక వంక చాలాసేపు చూసింది. నా కంట్రోలర్ తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. రెండో చేత్తో తన బొత్తాం నొక్కింది. ఒళ్లో ఉన్నది బర్రున వణికింది. ఆ చప్పుడు నా కుడి చెవికి స్పష్టంగా వినిపించింది.

"వాడు కూడా మూడుసార్లనే అన్నాడు," అంది.

రెండు కంట్రోలర్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లింది. గిన్నెలు తోమిన చప్పుడు వచ్చింది. తోమిన గిన్నెలే మళ్లీ తోముతున్నట్టుంది.

మే 11

ఆటలో ఏకాగ్రత వేరు. చేతులు బిగుసుకుపోయి ఉంటాయి, వణుకు తెలియదు. ఎవరికైనా అంతే.

మే 12

ఆమె మాట్లాడడం లేదు.

నీళ్ల వడికి కూడా తాడు కదులుతుంది. గేటు దగ్గర నీళ్లు సుడి తిరుగుతుంటాయి. ఏది వడి, ఏది లాగుడు అని అడుగున ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది?

ఇరవై రెండేళ్లు చేసినవాడికి తెలుస్తుంది.

మే 13

ఇంకా రెండు బోల్టులే మిగిలాయి.

మొదటిసారి లాగినప్పుడు ఒక బోల్టు సగంలో ఉంది. అది బిగించి వెళ్దామనుకున్నాను. రెండోసారి లాగినప్పుడు విసుగేసింది. వీడికి తొందరెక్కువ, మళ్లీ దిగాలంటే గంట పడుతుంది, ఇప్పుడే ముగిస్తే పోతుంది అనుకున్నాను. మూడోసారి తాడు నా నడుముని పక్కకి ఈడ్చింది. అయినా చెయ్యి రెంచి వదల్లేదు. ఆఖరి బోల్టుకి ఇంకా మూడు చుట్లు ఉంది.

పన్నెండు లాగుళ్లు. ప్రతిదీ తెలుసు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట. నేను భుజాలు తడుముకోలేదు. ఎదుటివాడి భుజానికి బూడిద పులిమాను.

మే 14

ఇవాళ పొద్దున ఆమె డ్యూటీకి సెలవు పెట్టింది. నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. కొంచెం కుడివైపుకి జరిగి, నాకు వినపడేవైపు.

"లాగాడా?" అంది.

లాగాడు అన్నాను.

ఆమె ఏడవలేదు. తిట్టలేదు. ఆ రోజు తమ్ముడింటికి ఎందుకు వెళ్లిందో చెప్పింది. ఇద్దరూ రెండు రకాలుగా చెబితే విచారణ ఏళ్లకేళ్లు సాగుతుంది, మీ బావకి వైద్యం ఆగిపోతుంది, తప్పు నీదేనని రాసిచ్చెయ్యమని బతిమాలిందట. అతను ఒక్కటే అడిగాడట, నువ్వు కూడా బావ మాటే నమ్ముతున్నావా అక్కా అని. నమ్ముతున్నాను అందట. సరే అని కాగితం తెమ్మన్నాడట.

"వాడిని నేను ఎత్తుకుని పెంచానండీ. వాడు అబద్ధం చెబితే నాకు తెలుస్తుంది. చెప్పడం లేదని ఆ రోజే తెలిసింది. అయినా మీ మాట పక్కనే నిలబడ్డాను."

నేను నిన్ను వెళ్లమనలేదు కదా అన్నాను. నోట్లోంచి వచ్చిన మాట అది. ఇన్ని మాటలుండగా.

"వెళ్లమనలేదు," అంది. "వెళ్లొస్తే, అన్నం తిన్నారు."

మే 16

రెండుసార్లు. బస్సు దిగుతూ ఒకసారి, అక్కడ ఒకసారి.

బావమరిది ఇప్పుడు కార్లు కడిగే చోట పనిచేస్తున్నాడు. రేకుల షెడ్డు, కింద జాలీ కాలువ, నాలుగు నీళ్ల గొట్టాలు. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. నన్ను చూసి గొట్టం ఆపలేదు. చేతిలో ఉన్న కారు పూర్తయ్యేదాకా కడిగాడు. నేను నిలబడ్డాను. కాసేపటికి తల తిరిగింది. అప్పుడు గొట్టం కింద పడేసి, ఒక ప్లాస్టిక్ స్టూలు తెచ్చి నా వెనక పెట్టి, మళ్లీ వెళ్లి గొట్టం తీసుకున్నాడు.

కడగడం అయ్యాక దగ్గరికి వచ్చాడు. అక్క అంతా చెప్పిందన్నాడు. వాంగ్మూలం మార్చి రాసిస్తానన్నాను.

"రాసియ్యి బావా. నాకోసం అని మాత్రం అనకు. అక్క మాట్లాడ్డం మానేసింది కాబట్టి వచ్చావు."

నిజమే.

"కార్డు పోయినందుకు కాదు నా బాధ," అన్నాడు. "కంప్రెసర్ ఆగిపోయాక, తాడు నడుముకి చుట్టుకుని నిన్ను పైకి లాక్కొచ్చాను. ఒక్కడినే. పైకి వచ్చేసరికి నీ హెల్మెట్ నిండా రక్తం. నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాను. బతికావు. మొదటి పని, నేను తాడు లాగలేదని చెప్పావు."

గుర్తులేదన్నాను. నిజంగానే గుర్తులేదు. అన్ని అబద్ధాలాడినవాడికి ఆ ఒక్క నిజం ఎందుకూ పనికిరాలేదు. అతను నవ్వాడు. ఇంకో కారు వచ్చింది. వెళ్లిపోయాడు.

మే 18

సేఫ్టీ ఆఫీసరు గది. పొడుగు బల్ల, మూడు ఫైళ్ల బీరువాలు, గోడ మీద హెల్మెట్ పెట్టుకోండి అని బొమ్మ.

మూసిన కేసు తెరిపించడం ఆయనకి ఇష్టం లేదు. అందరికీ మంచిగా ముగిసిందాన్ని ఎందుకు కెలుకుతారన్నాడు. మీ పింఛను పోతుంది, మీ దగ్గర నేర్చుకున్న కుర్రాళ్ల ముందు మీ పరువు పోతుంది, ఆలోచించుకోండి అన్నాడు. ఆలోచించే వచ్చానన్నాను. తెల్లకాగితం ఇచ్చాడు.

మూడు విడతల్లో పన్నెండు లాగుళ్లు నాకు అందాయి, పని ముగించాలని కావాలనే రాలేదు, నన్ను పైకి లాగి ప్రాణం నిలిపింది తాడు పట్టిన మనిషే అని రాశాను. మూడు వాక్యాలు. మధ్యలో కలం ఆగలేదు. మొదటి అబద్ధానికి పట్టినంత సమయం కూడా పట్టలేదు.

బయటికి వస్తుంటే గుండె తేలికపడుతుందనుకున్నాను. ఎక్కడో చదివినట్టు గుర్తు, నిజం చెబితే తేలికపడుతుందని. పడలేదు.

ఇంటికొచ్చి ఆమెతో చెప్పాను. "మంచిది," అంది. ఆసుపత్రిలో ఎవరికో రిపోర్టు చేతికిచ్చి అన్నట్టు అంది.

మే 27

ఆట ముట్టుకోలేదు. రెండో సీటు లేకుండా లోతుకి పోనివ్వదు. పైపైన తిరగడం నాకు ఇష్టం లేదు.

జూన్ 20

ఆఫీసు నుంచి రెండు కవర్లు. ఒకటి నాకు, వైద్యం బాధ్యత ఇక మాది కాదని, శిక్షకుల జాబితాలోంచి నా పేరు తీసేశామని. రెండోది బావమరిదిది, కార్డు తిరిగి ఇస్తున్నామని. అతని పాత చిరునామా మాదే కాబట్టి మా ఇంటికే పంపారు. ఆమె రెండో కవరు సంచీలో పెట్టుకుని, నాది బల్ల మీద వదిలేసి వెళ్లింది.

జూన్ 29

నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లలో ఒకడు బజార్లో ఎదురయ్యాడు. చూసీ చూడనట్టు పక్క కొట్టులోకి వెళ్లాడు. అది ఆడవాళ్ల టైలరు కొట్టు. వాడికి అక్కడేం పని?

జూలై 5

తల తిరగలేదు.

బావమరిది వచ్చాడు. మళ్లీ రేవులో చేరాడట, వేరే డైవరుకి తాడు పడుతున్నాడు. వాళ్లక్కతో వంటింట్లో గంటసేపు కూర్చున్నాడు. మాటలు వినపడ్డాయి, ఒకసారి నవ్వు కూడా. నేను ముందుగదిలో పేపరు పట్టుకుని కూర్చున్నాను, ఒకే పేజీ.

వెళ్లేటప్పుడు నా ముందు నుంచే వెళ్లాలి కదా. ఆగాడు. చెప్పులు వేసుకుంటూ, నా కుడి చెవి వైపుకే తిరిగి అడిగాడు.

"ఆరోగ్యం ఎలా ఉందండీ?"

పెళ్లయిన మర్నాటి నుంచీ నన్ను బావా అని తప్ప పిలవనివాడు. నువ్వు అని తప్ప అనని మనిషి.

"బాగుంది," అన్నాను. "మీరెలా ఉన్నారు?"